విదేశంలో భర్త చేయి చేసుకుంటుంటే: అక్కడ మీరు, ఇక్కడ మీవాళ్లు ఏం చేయాలి

గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని ఫ్యామిలీ కేసులు చూసుకునే లాయర్‌ని నేను. విదేశీ సంబంధాల కేసుల్లో నా దగ్గరికి మొదట వచ్చేది అమ్మాయి కాదు, అమ్మాయి తండ్రి. చంకలో ఒక సంచి. అందులో పెళ్లి ఆల్బమ్, శుభలేఖ, ఒక్కోసారి జాతకాలు కూడా. కుర్చీలో కూర్చుంటూనే చాలామంది అనే మాట ఇది: "వియ్యంకుడుగారికి ఫోన్ చేశామండీ, కొడుకుని మందలిస్తానన్నారు."

ఆ మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. వియ్యంకుడు నిజంగానే కొడుక్కి ఫోన్ చేస్తాడు. "నీ పెళ్లాం అన్నీ వాళ్ల నాన్నకి మోస్తోంది" అన్న కబురు డాలస్ చేరుతుంది. తెల్లారేసరికి అమ్మాయి ఫోన్ ఆమె చేతిలో ఉండదు, పాస్‌పోర్టు సూట్‌కేసులో ఉండదు.

అందుకే ఇక్కడ చెప్పేదంతా ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదాని గురించే. మీరు ఏ దేశంలో నిలబడి ఉన్నారో ఆ దేశపు పోలీసులు, ఆ దేశపు కోర్టే ఈ రాత్రికి మిమ్మల్ని కాపాడగలిగేది. గుంటూరులో వేసిన కేసు ఎంత గట్టిదైనా న్యూజెర్సీలో తలుపు బాదుతున్న మనిషిని ఆపలేదు. ఇక్కడ చేయాల్సిన పనులూ ఉన్నాయి, తక్కువేం కాదు. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు ప్రాణం

మీద చేయి పడుతోందన్నా, పడబోతోందని భయంగా ఉన్నా నంబరు నొక్కండి. అమెరికా, కెనడాలో 911. బ్రిటన్‌లో 999. ఆస్ట్రేలియాలో 000. జర్మనీలో పోలీసులకు 110. యూఏఈలో 999.

ఫోన్ ఎత్తగానే మొదట అడ్రస్ చెప్పండి, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా. మధ్యలో లైన్ తెగిపోయినా వాళ్లు రావడానికి దారి ఉంటుంది. తర్వాత ఏం జరుగుతోందో ఒక్క ముక్కలో చెప్పండి. ఇంగ్లీషు తడబడితే సిగ్గుపడకండి, "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని రెండు మాటలు అంటే చాలు. బ్రిటన్‌లో మాట్లాడే పరిస్థితి లేకపోతే మొబైల్‌ నుంచి 999 చేసి, అడిగినప్పుడు 55 నొక్కండి. మాట్లాడలేని స్థితిలో ఉన్నారని వాళ్లకు అర్థమవుతుంది. అమెరికాలో చాలా చోట్ల 911కి మెసేజ్ కూడా పంపవచ్చు.

పోలీసులు వచ్చాక మన ఆడపిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. తలుపు తీసి, చున్నీ సర్దుకుని, "ఏం లేదు సార్, చిన్న గొడవ" అనేస్తారు. భర్త పక్కనే నిలబడి చక్కటి ఇంగ్లీషులో మాట్లాడతాడు. అతను చెప్పిందే కాగితం మీదకు ఎక్కుతుంది. అలా జరగనివ్వకండి. "నాతో విడిగా మాట్లాడండి" అని అడగండి. మీ మాటలు మీ భర్తగానీ అతని స్నేహితుడుగానీ అనువాదం చేయడానికి ఒప్పుకోకండి. కమిలిన చోటు చూపించండి. వెళ్లేముందు రిపోర్టు నంబరు, ఆఫీసర్ పేరు ఉన్న కార్డు తీసుకోండి. ఆ నంబరు మీద రేపు కోర్టు నడుస్తుంది, వీసా పనీ నడుస్తుంది.

"పోలీసులొస్తే ఆయన ఉద్యోగం పోతుందండీ" అంటారు. పోవచ్చు, పోకపోవచ్చు. ఆ లెక్క చేయి ఎత్తేముందు అతను చూసుకోవాల్సింది.

కొట్టడం ఒక్కటే కాదు

జీతం మొత్తం లాక్కోవడం, ఇంటి సరుకులకు కూడా డబ్బివ్వకపోవడం, పాస్‌పోర్టు దాచేయడం, రోజూ బూతులు తిట్టడం, ఇష్టం లేకుండా పక్కలోకి లాగడం, "వీసా క్యాన్సిల్ చేయించి పంపించేస్తా" అని బెదిరించడం కూడా హింసే. మన దేశపు 2005 గృహహింస చట్టం శారీరక, లైంగిక, మాటల, మానసిక, ఆర్థిక హింసలన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది. ఇంగ్లండ్‌లో అయితే భార్యను అదుపాజ్ఞల్లో పెట్టి పీడించడం 2015 నుంచి విడిగా ఒక నేరం. "ఒంటి మీద దెబ్బ లేదు కదా, ఎవరు నమ్ముతారు" అనుకుని ఆగిపోకండి.

చప్పుడు లేకుండా సిద్ధం కావడం

ఈ రాత్రికి ప్రమాదం లేదనుకుంటే, ఇల్లు వదిలేముందు కొన్ని రోజులు దొరుకుతాయి. బాధితులకు ఇల్లు వదిలే సమయమే చాలాసార్లు ఎక్కువ ప్రమాదం. కాబట్టి "వెళ్లిపోతా" అని గొడవలో అనేయకండి. చెప్పకుండానే వెళ్లాలి.

ఫోన్‌తో మొదలుపెట్టండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉందేమో చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో మీ లొకేషన్ అతనికి షేర్ అవుతోందా, ఐఫోన్ అయితే ఫ్యామిలీ షేరింగ్‌లో ఉన్నారా చూసుకోండి. కానీ అన్నీ ఒకేసారి ఆపేయకండి, వెంటనే అనుమానం వస్తుంది. మంచి దారి ఏమిటంటే, ఆ ఫోన్‌ని ఎప్పటిలాగే వాడుతూ అసలు పనులు వేరేచోట చేసుకోవడం. అమెరికాలో దాదాపు ప్రతి ఊళ్లో పబ్లిక్ లైబ్రరీ ఉంటుంది. అక్కడి కంప్యూటర్‌లో కొత్త ఈమెయిల్ తెరవండి. పాస్‌వర్డ్ మీ పుట్టినరోజు, పిల్లల పేరు కాకుండా చూసుకోండి. ఫ్యామిలీ ప్లాన్ అయితే మీరు చేసిన నంబర్లు బిల్లులో అతనికి కనిపించవచ్చు, కాబట్టి హెల్ప్‌లైన్‌కి లైబ్రరీ నుంచో స్నేహితురాలి ఫోన్ నుంచో చేయండి. 2022లో వచ్చిన ఒక అమెరికా చట్టం ప్రకారం, బాధితురాలు అడిగితే ఆమె లైన్‌ని ఆ ఫ్యామిలీ ప్లాన్ నుంచి ఫోన్ కంపెనీ విడదీయాలి.

కాగితాల విషయానికొస్తే పాస్‌పోర్టు, వీసా స్టాంపు, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు), ఐ-797 (ఇమిగ్రేషన్ శాఖ పంపే) నోటీసులు, గ్రీన్‌కార్డు ఉంటే అది, పెళ్లి సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, అతని జీతం స్లిప్పులు, ట్యాక్స్ రిటర్నులు, ఇంటి లీజు. అన్నిటికీ ఫొటోలు తీసి కొత్త ఈమెయిల్‌కి పంపి, ఫోన్‌లోంచి చెరిపేయండి. రీసైకిల్ బిన్ నుంచి కూడా. ఒరిజినల్స్ దొరికితే నమ్మకమైన చోట పెట్టండి. పాస్‌పోర్టు దొరక్కపోతే కుంగిపోకండి, కాన్సులేట్ నుంచి కొత్తది తెచ్చుకోవచ్చు. నంబరు రాసి ఉంటే పని తేలిక.

దెబ్బ తగిలినప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్తే "మెట్లమీద పడ్డాను" అనకండి. ఎవరు కొట్టారో చెప్తే అది రికార్డులోకి ఎక్కుతుంది. ఫొటోలు వరసగా రెండు మూడు రోజులు తీయండి, కమిలింది నల్లబడుతూ వచ్చే తీరు కనిపించాలి. మాటలు రికార్డు చేయడంలో మాత్రం జాగ్రత్త. టెక్సాస్‌లో మీరు పాల్గొన్న సంభాషణను మీరు రికార్డు చేసుకోవచ్చు, కాలిఫోర్నియాలో ఎదుటి మనిషికి చెప్పకుండా చేయడం సాధారణంగా నేరం. ముందు అక్కడి లాయర్‌ని అడగండి.

ఇక అమ్మతో ఒక మాట అనుకుని పెట్టుకోండి. రోజూ వీడియో కాల్‌లో దొర్లే మాటే అయి ఉండాలి, కానీ ఆ సీజన్‌లో మామూలుగా రానిది. నాకు తెలిసిన ఒక అమ్మాయి "అమ్మా, గోంగూర పచ్చడి బూజు పట్టింది" అనేది. భర్త పక్కనే కూర్చుని విన్నా అతనికి ఏమీ తట్టలేదు. అవతల తెనాలిలో తల్లికి మాత్రం దాని అర్థం, "పోలీసులకు ఫోన్ చెయ్యి".

ఎవరికి చెప్పుకోవాలి

అమెరికాలో గృహహింస జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233. 24 గంటలూ పనిచేస్తుంది, అనువాదకులను కలుపుతారు. పేరు చెప్పక్కర్లేదు. బ్రిటన్‌లో 0808 2000 247, ఆస్ట్రేలియాలో 1800 737 732, జర్మనీలో 116 016.

మన పద్ధతులు తెలిసినవాళ్లతో మాట్లాడితే సగం వివరణ తగ్గుతుంది. అత్తగారు ఆర్నెల్లు వచ్చి ఉండటం అంటే ఏమిటో, ఆడపడుచు లాంఛనాలంటే ఏమిటో అమెరికన్ కౌన్సిలర్‌కి మొదటినుంచి చెప్పాలి. దక్షిణాసియా ఆడవాళ్ల కోసమే నడిచే సంస్థలు ఉన్నాయి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి ఉంది. న్యూయార్క్‌లో సఖి, హ్యూస్టన్‌లో దయ, డాలస్‌లో చేతన, చికాగోలో అప్నా ఘర్, అట్లాంటాలో రక్ష, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి, నారిక. లండన్‌లో సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ 1979లో మొదలైంది. షెల్టర్, లాయర్, కోర్టుకి తోడు రావడం వంటి వాటికి దారి చూపిస్తారు.

తెలుగు సంఘాలవాళ్లు, గుడి దగ్గర పరిచయమైనవాళ్లు మంచివాళ్లే కావచ్చు, విమానం టికెట్ కొనిపెట్టేవాళ్లూ ఉన్నారు. కానీ మన ఊరివాళ్లున్న చోట అందరికీ అందరూ తెలుసు. మీరు శనివారం చెప్పింది ఆదివారం పాట్‌లక్‌లో మీ ఆయన చెవిన పడొచ్చు. గోప్యత పాటించడమే పనిగా ఉన్న సంస్థకు ముందు చెప్పండి. సంఘాల సాయం ఇల్లు దాటాక అడగండి.

రక్షణ ఉత్తర్వు

పోలీసులు ఆ రాత్రికి ఆపుతారు. మర్నాటినుంచి ఆపేది కోర్టు కాగితం. టెక్సాస్‌లో దాన్ని ప్రొటెక్టివ్ ఆర్డర్ అంటారు, న్యూజెర్సీలో రిస్ట్రెయినింగ్ ఆర్డర్, ఇంగ్లండ్‌లో నాన్ మొలెస్టేషన్ ఆర్డర్, ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్‌లో ఏవీఓ. పేరేదైనా పని ఒకటే: అతను మీ దగ్గరికి రాకూడదు, ఫోన్ చేయకూడదు, చాలాసార్లు ఇల్లు కూడా వదలాలి. ఆ ఉత్తర్వు దాటితే అరెస్టు.

దీనికి మీ వీసా ఏమిటో, గడువు ఉందో లేదో అడ్డం కాదు. మొదటి ఉత్తర్వు అతన్ని పిలవకుండానే, మీ ప్రమాణం విని ఇవ్వవచ్చు. న్యూజెర్సీలో రాత్రిపూట, సెలవురోజు అయినా పోలీస్ స్టేషన్ ద్వారా తాత్కాలిక ఉత్తర్వు దొరుకుతుంది, తుది విచారణ పది రోజుల్లోపు పెట్టాలని అక్కడి చట్టం. టెక్సాస్‌లో కౌంటీ అటార్నీగానీ డిస్ట్రిక్ట్ అటార్నీగానీ మీ తరఫున ఫీజు లేకుండా దరఖాస్తు వేయగలరు. ఆస్ట్రేలియాలో పోలీసులే వేయగలరు.

ఉత్తర్వు వచ్చాక మీరే అతనికి "సరే, వచ్చి బట్టలు తీసుకెళ్లు" అని మెసేజ్ పెట్టకండి. ఆ ఒక్క మెసేజ్‌ని అతని లాయర్ కోర్టులో చదివి వినిపిస్తాడు.

వీసా భయం

అసలు కొరడా ఇదే. "నేను లేకపోతే నువ్వు ఇక్కడ లేవు" అన్న మాట ఎన్ని ఇళ్లలో మోగుతోందో. దాన్ని విడదీసి చూస్తే కొంచెమే నిజం.

మీ భర్త మిమ్మల్ని డిపోర్ట్ చేయలేడు, ఆ అధికారం ప్రభుత్వానిది. తను స్పాన్సర్ చేసిన పిటిషన్‌ని మాత్రం వెనక్కి తీసుకోగలడు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యకు ఇచ్చేది) మీద ఉన్నవాళ్లకు విడిగా ఉన్నంత మాత్రాన హోదా పోదు, విడాకులు ఖాయమైన రోజున పోతుంది. కాబట్టి విడాకుల కాగితాల మీద సంతకం చేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి. విడాకుల లాయరూ ఇమిగ్రేషన్ లాయరూ వేర్వేరు మనుషులు.

భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే, ఆడవాళ్లపై హింసను అరికట్టడానికి 1994లో వచ్చిన వావా చట్టం కింద మీ గ్రీన్‌కార్డుకు మీరే ఐ-360 ఫారంతో దరఖాస్తు చేసుకోవచ్చు. అతని సంతకం అక్కర్లేదు. మీ దరఖాస్తు సంగతి ప్రభుత్వం అతనికి చెప్పదు. హింస కారణంగా విడాకులైనా రెండేళ్లలోపు వేయవచ్చు. రెండేళ్ల షరతు మీద వచ్చిన గ్రీన్‌కార్డు అయితే, దాన్ని శాశ్వతం చేసుకునే ఐ-751ని అతనితో కలిసి కాకుండా మీరొక్కరే వేయడానికి మినహాయింపు ఉంది.

మన గుంటూరు, విజయవాడ పిల్లల్లో ఎక్కువమంది పరిస్థితి ఇది కాదు. భర్త హెచ్-1బి, భార్య హెచ్-4. వావా వీళ్లకు వర్తించదు. రెండు దారులున్నాయి. హింసకు గురైన హెచ్-4 భార్య ఐ-765వి ఫారంతో పని చేసుకునే అనుమతి కోరవచ్చు, వస్తే రెండేళ్లకు ఇస్తారు. రెండోది యు వీసా. నేరానికి గురై, పోలీసులకు సహకరించినవాళ్లకు ఇచ్చేది, గృహహింస ఆ నేరాల జాబితాలో ఉంది. దీనికి పోలీసులో ప్రాసిక్యూటరో సంతకం చేసిన ధ్రువీకరణ కావాలి. 911 చేసి, రిపోర్టు నంబరు దగ్గర పెట్టుకోమని పైన అన్నది ఇందుకు కూడా. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి ఏళ్లతరబడి ఆగాలి, ఇది తెలిసే వేయాలి.

బ్రిటన్‌లో భాగస్వామి వీసా మీద ఉన్నవాళ్లకు, హింస వల్ల బంధం తెగితే మూడు నెలల తాత్కాలిక అనుమతి, ప్రభుత్వ సాయంతో కలిపి దొరికే ఏర్పాటు ఉంది. ఆ మూడు నెలల్లో తర్వాతి దరఖాస్తు వేసుకోవాలి. కెనడా కుటుంబ హింస బాధితులకు ఫీజు లేకుండా తాత్కాలిక పర్మిట్ ఇస్తుంది. ఆస్ట్రేలియా పార్ట్‌నర్ వీసాలో గృహహింస నిబంధన ఉంది. గల్ఫ్‌లో మాత్రం దారులు తక్కువ, అక్కడ ముందుగా భారత రాయబార కార్యాలయాన్నే పట్టుకోవాలి.

పిల్లలుంటే

ఇక్కడ ఒక్క హెచ్చరిక, చాలా గట్టిది. అమెరికాలో పుట్టిన బిడ్డను ఎత్తుకుని, ఎవరికీ చెప్పకుండా శంషాబాద్ విమానం ఎక్కేయకండి. తల్లి అయినా సరే, రెండోవాళ్ల హక్కుల్ని అడ్డుకోవాలని పిల్లల్ని దేశం దాటిస్తే అది నేరమని అమెరికాలో 1993 నుంచి చట్టం ఉంది. హింస నుంచి పారిపోయి వచ్చానని చెప్పుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది, కానీ అది కేసు పడ్డాక చెప్పుకోవాల్సిన మాట. దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి పంపే హేగ్ ఒప్పందంలో భారత్ లేదు కదా అని కొందరు ధైర్యం చెప్తారు. లేని మాట నిజమే. కానీ మీ మీద అక్కడ వారంటు పడితే మళ్లీ అమెరికా గడప తొక్కలేరు, బిడ్డను కోర్టు ముందుకు తెప్పించమని ఇక్కడి హైకోర్టులో అతను హెబియస్ కార్పస్ వేస్తాడు. ముందు అక్కడి కోర్టులోనే తాత్కాలిక కస్టడీ అడగండి, ఇండియాకు తీసుకెళ్లే అనుమతి కూడా అక్కడే అడగండి. ఆలస్యమవుతుంది. అయినా అదే మంచిది.

ఇక అమ్మానాన్నలకు

అమ్మాయి మొదటిసారి నోరు విప్పినప్పుడు "నువ్వేమన్నావే?" అని అడగకండి. "సర్దుకుపో తల్లీ, ఒక బిడ్డ పుడితే మారతాడు" అనకండి. ఇంకెప్పుడూ చెప్పదు. వియ్యంకులకు ఫోన్ చేయకండి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టకండి. పంచాయితీలు కావాలంటే అమ్మాయి సురక్షితంగా బయటపడ్డాక ఎన్నైనా పెట్టుకోవచ్చు.

ఒక కాగితం తీసుకుని ఇంగ్లీషులో రాయండి: అమ్మాయి ఇంటి పూర్తి అడ్రస్, అపార్ట్‌మెంట్ నంబరు, ఊరు, కౌంటీ, పక్కింటివాళ్ల పేరు, ఒక స్నేహితురాలి ఫోన్. దాని కింద ఆ ఊరి పోలీసుల పదంకెల నంబరు. పటమటలో కూర్చుని 911 నొక్కితే అక్కడికి వెళ్లదు. ఈ సంగతి చాలామందికి రాత్రి రెండింటికి తెలుస్తుంది. పదంకెల నంబరుకి ముందు 001 పెట్టి చేసి, "వెల్ఫేర్ చెక్" అడిగితే పోలీసులు ఇంటికి వెళ్లి అమ్మాయి క్షేమం చూస్తారు. కాగితాన్ని ఫ్రిజ్ మీద అంటించండి, మీ కొడుకు ఫోన్‌లో ఉందిలే అని వదిలేయకండి.

ఇక్కడినుంచి మీరు కదిలించగలిగిన ఆఫీసులు కొన్ని ఉన్నాయి. విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే అది ఆ దేశంలోని మన కాన్సులేట్‌కి చేరుతుంది. డాలస్ అమ్మాయికి హ్యూస్టన్ కాన్సులేట్, న్యూజెర్సీకి న్యూయార్క్. భర్త వదిలేసిన ఆడవాళ్లకు లాయరు ఖర్చులో కూడా సాయం చేసే భారతీయ సమాజ సంక్షేమ నిధి 2009 నుంచి ఉంది, కాన్సులేట్ ద్వారానే అడగాలి. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్ ఉంది, కమిషన్ హెల్ప్‌లైన్ 7827170170. ప్రవాసాంధ్రుల కోసం తాడేపల్లిలో ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ హెల్ప్‌లైన్ 0863-2340678. ఫిర్యాదులో ఏడుపు కాదు, తేదీలు రాయండి.

ఇక్కడ వేయగలిగిన కేసులు

అమ్మాయి తిరిగి వచ్చి పుట్టింట్లో ఉంటే, తాత్కాలికంగా ఉన్నా సరే, గృహహింస చట్టం కింద ఇక్కడి మేజిస్ట్రేట్ కోర్టులోనే కేసు వేయవచ్చు. 27వ సెక్షన్ అదే చెప్తుంది. హింస విదేశంలో జరిగినా ఇక్కడ విచారించవచ్చని హైకోర్టులు చెప్పాయి. 12వ సెక్షన్ కింద బాధితురాలి తరఫున వేరొకరు కూడా దరఖాస్తు వేయవచ్చు. అమ్మాయి అక్కడే ఉంటే తండ్రి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, అక్కడ నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించి పంపమనండి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, ఈ గడువు దాటించుకుని వచ్చేవాళ్లు ఎక్కువ.

డబ్బు విషయంలో మాత్రం నిజం చెప్పాలి. ఇక్కడి కోర్టు నెలకు ఇంత ఇవ్వమని ఉత్తర్వు ఇస్తే, అమెరికాలో జీతం తీసుకునే మనిషి దగ్గర వసూలు చేయడం కష్టం. అతని పేరిట ఇక్కడ పొలమో ఫ్లాటో ఉంటే పట్టు దొరుకుతుంది. పిల్లల ఖర్చుకి అమెరికా కోర్టు ఉత్తర్వు అయితే అతని జీతంలోంచే కోసి పంపిస్తారు. అందుకే అమ్మాయి అక్కడ ఉండగలిగితే అక్కడి కోర్టునే ముందు తట్టమంటాను.

క్రిమినల్ కేసు అంటే భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పెట్టే పాత 498-ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. మూడేళ్ల వరకు జైలు. వేధింపులు తట్టుకోలేక ఆశ్రయం పొందిన ఊళ్లోనే ఫిర్యాదు చేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసేది) అడగండి. రెండు మెలికలున్నాయి. పూర్తిగా విదేశంలో జరిగిన నేరాన్ని ఇక్కడ విచారించాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. కాబట్టి విమానం ఎక్కకముందు ఇక్కడ జరిగినవి, కట్నం కోసం ఇక్కడి ఇంటికి వచ్చిన ఫోన్లు, అత్తమామల మాటలు తేదీలతో విడిగా రాయాలి. రెండోది మూడేళ్ల కాలపరిమితి, కేసు ఆ లోపే పెట్టాలి. ఫిర్యాదు ఇచ్చిన మర్నాడే అరెస్టు చేస్తారని ఆశపడకండి, ముందు నోటీసు ఇస్తారు. పిలిచినా రాకపోతే లుకౌట్ సర్క్యులర్ (ఎయిర్‌పోర్టులో ఆపమని ఇచ్చే ఆదేశం), పాస్‌పోర్టు స్వాధీనం దాకా వెళ్తుంది. చెల్లెలి పెళ్లికని వచ్చి ఎయిర్‌పోర్టులో ఆగిపోయిన పెళ్లికొడుకులు ఉన్నారు.

అక్కడినుంచి విడాకుల సమన్లు వస్తే మూలన పడేయకండి. 1991లో సుప్రీంకోర్టుకు వచ్చిన కేసు మన వైపుదే. పెళ్లి తిరుపతిలో, విడాకులు మిస్సోరీ కోర్టులో. ఆ విడాకులు ఇక్కడ చెల్లవని తీర్పు. మీరు ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోకుండా, మన వివాహ చట్టంలో లేని కారణంతో ఇచ్చిన విడాకులు అయితే ఈ తీర్పు పనికొస్తుంది. అదే మీరు వెళ్లి వాదించి, ఒప్పుకుంటే చెల్లుతుంది. జవాబు ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎలా అన్నది లాయర్‌తో కూర్చుని తేల్చుకోవాలి, గడువు రోజుల్లోనే ఉంటుంది.

ఫీజు లేదని ఆగకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయర్‌ని ఇవ్వాలని 1987 చట్టం. గుంటూరువాళ్లకు జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. విజయవాడవాళ్లకు జిల్లా సంస్థ మచిలీపట్నంలో, కానీ బందరు దాకా వెళ్లక్కర్లేదు, విజయవాడ కోర్టుల్లోని మండల కమిటీలో అడగవచ్చు. ఫోన్‌లో అయితే 15100. ప్రొటెక్షన్ ఆఫీసర్ (గృహహింస చట్టం కింద బాధితులకు సాయపడే అధికారి), కౌన్సెలింగ్, తలదాచుకునే చోటు కోసం 181కి చేస్తే సఖి వన్ స్టాప్ సెంటర్‌కి కలుపుతారు. పేరు ఒకటే అయినా న్యూయార్క్ సఖికీ దీనికీ సంబంధం లేదు.

లాయర్ దగ్గరికి వచ్చేటప్పుడు సంచిలో జాతకాలు వద్దు. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చిన పెళ్లి సర్టిఫికెట్, బంగారం బిల్లులు, కట్నం డబ్బు వెళ్లిన బ్యాంకు స్టేట్‌మెంటు, పసుపు కుంకుమ కింద రాసిచ్చిన దస్తావేజు కాపీ, అమ్మాయి పంపిన ఫొటోలు, మెసేజీలు తేదీలవారీగా ప్రింట్లు. ఆల్బమ్ మాత్రం తప్పకుండా తీసుకురండి. అత్తగారి లాకర్‌లో ఉన్న వడ్డాణం, కాసులపేరు అమ్మాయివేనని, పెళ్లినాడు ఒంటి మీద ఉన్నాయని చూపించడానికి దాన్ని మించిన సాక్ష్యం మీ ఇంట్లో ఇంకోటి ఉండదు.